బా కబాసో కోసం ఒక నిమిషం మౌనం

బతికున్న మనిషి కోసం ఒక నిమిషం మౌనం పాటించమన్నారు. హాల్లో రెండు వేలమంది లేచి నిలబడ్డారు. వాళ్ళతోపాటు నేనూ లేచాను. ఆ మనిషి నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆయన మాత్రం లేవలేదు. వెనక వరసలోంచి ఎవరో ఆయన భుజం తట్టి, "లేవవయ్యా, పోయినవాళ్ళకి ఆమాత్రం మర్యాద ఇవ్వలేవా?" అన్నారు.

"ఇస్తాను. నాకు నేనే ఎట్లా ఇచ్చుకోను?" అన్నాడాయన, వెనక్కి తిరక్కుండా.

ఆయన పేరు కబాసో. మా నాన్న. నాకంటే మూడేళ్ళు పెద్ద.

నన్ను కన్న కబాసో పన్నెండేళ్ళ కిందట మా రాగి గనుల ఊరు ముఫులిరాలో, ఆసుపత్రిలో చనిపోయాడు. కలిందులా పాటలంటే చెవి కోసుకునేవాళ్ళకి ఆ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. నూనె డబ్బా, మేడి చెక్క, లారీ బ్రేకు తీగలు కలిపి తన గిటారు తానే చేసుకున్నాడు. గని షిఫ్టు దిగి, మసి కడుక్కోకుండానే బీరు హాలు మెట్ల మీద కూర్చుని వాయించేవాడు. ఆఖరి ఊపిరి విడిచిన ఉదయం నేను ఆయన మంచం పక్కనే ఉన్నాను. నాడి ఆగడం నా వేళ్ళకింద తెలిసింది. అప్పటికే కాలేజీలో రసాయనశాస్త్రం చదువుతున్నాను. ఆయన చనిపోయాడా లేదా అన్న విషయంలో నాకే అనుమానమూ లేదు.

కానీ మాలో పాతిపెట్టేది మనిషిని, పేరును కాదు. సంవత్సరం తిరిగాక తల్లివైపు పెద్దలంతా చేరి, పోయిన మనిషి అక్కచెల్లెళ్ళ పిల్లల్లో ఒకరిని ఎంచుకుని ఆ పేరు అప్పజెబుతారు. కొడుక్కి ఇవ్వరు. కొడుకు తన తల్లి వంశంవాడు. పేరు తీసుకున్నవాడు పోయినవాడి ప్రతినిధి కాదు, గుర్తు కాదు. అతనే ఇతను. భార్యకి భర్త, పిల్లలకి తండ్రి. ఆ రోజు తరవాత "చనిపోయిన కబాసో" అని ఇంట్లో ఎవరూ అనకూడదు. అంటే ఎదురుగా కూర్చున్నవాణ్ణి శవమని తిట్టినట్టే.

అట్లా ఎంపికైనవాడు మా మేనత్త కొడుకు సాంపా. అప్పుడతనికి ఇరవై రెండేళ్ళు. ఎన్డోలాలో కాలిపోయిన మోటార్లకు వైండింగ్ కట్టే షాపులో పనిచేసేవాడు. మాకు బావ వరస. నేను సెలవులకి ఇంటికొస్తే, "కాసుబా, నన్ను చేసుకుంటే ఫ్యాను కాలినా భయం లేదు" అని ఏడిపించేవాడు. పెద్దలు వచ్చి పేరు చెప్పిన రోజున అతను వచ్చి మా అమ్మ వంటింట్లో దూరాడట.

"అత్తా, నాకు పాట రాదు. ఆయన గిటారు పట్టుకుంటే నా చేతిలో పారలా ఉంటుంది. వేరే ఎవర్నైనా చూసుకోమను."

"పాట కోసమైతే రేడియో కొనుక్కుంటాం గానీ నువ్వు లే," అంది అమ్మ.

మామూలుగా మగవాడి పేరు ఇచ్చేప్పుడు వేట విల్లు చేతికిస్తారు. మా ఇంట్లో విల్లు లేదు. అందుకని గిటారు ఇచ్చారు. ముంజేతికి తెల్లపూసలు కట్టి, నీళ్ళు తాగించి, "నువ్వు కబాసోవి" అన్నారు. నేనూ, తమ్ముడు చేవె మోకాళ్ళ మీద కూర్చుని మెల్లిగా చప్పట్లు కొట్టి, "వచ్చారా నాన్నా" అని పలకరించాం. మొన్నటిదాకా నన్ను పెళ్ళాడతానన్నవాణ్ణి అట్లా పిలవడానికి నా నోరు తిరగలేదు. చేవెకి పదిహేనేళ్ళు. వాడు మాత్రం "నాన్నా" అని అతని ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇది ఇప్పుడు వాడికి గుర్తులేదు. నాకు గుర్తుంది.

ఎన్డోలా పని వదులుకుని అతను ముఫులిరా వచ్చేశాడు. మా వీధి చివర రేకుల షెడ్డు వేసుకుని మోటార్లు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. మా అమ్మకి అప్పుడు యాభై దాటాయి. ఆవిడ అతన్ని వీధంతా వినేట్టు "ఏమండీ" అని పిలిచేది.

"ఏమండీ, ఇవాళ కూరలోకి ఎండు చేపలే. మాంసం కావాలంటే ఇంకో పెళ్ళాన్ని చూసుకోండి."

"సరే అత్తా," అనేవాడు చెవులు ఎర్రబడి. పదకొండేళ్ళూ ఆవిడ "ఏమండీ" అంటూనే ఉంది, అతను "అత్తా" అంటూనే ఉన్నాడు. అంతకు మించి అతని నోరు పెగల్లేదు. మిగతా అన్నిటికీ మాత్రం తండ్రిగా నిలబడ్డాడు. నా పెళ్ళి మాటలకి మా ఆయన తరఫున అరవయ్యేళ్ళ పెద్దలు వచ్చారు. వాళ్ళందరూ కింద కూర్చుని చేతులు తట్టి, కుర్చీలో ఉన్న ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాణ్ణి అమ్మాయిని ఇమ్మని అడిగారు. అతను గంభీరంగా అన్ని మాటలకీ బదులు చెప్పాడు. వాళ్ళు వెళ్ళాక పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాడు. "వాళ్ళలో ఒకాయన మా హెడ్మాస్టరు. నన్ను బెత్తంతో కొట్టినాయన," అన్నాడు నోరు పుక్కిలించి.

చేవె బడి ఎగ్గొట్టి బీరు హాళ్ళ చుట్టూ తిరిగినప్పుడు వెతుక్కుంటూ వెళ్ళిందీ, కొట్లాటలో పోలీసులు పట్టుకెళ్తే స్టేషన్లో "నేను వీడి తండ్రిని" అని నవ్వులపాలైందీ ఆయనే. చేవె రాజధాని లుసాకా పోయి పాడతానంటే పెద్దలెవరూ ఒప్పుకోలేదు. ఆయన ఒక్కడే ఒప్పించాడు. వాడు అక్కడ జూనియర్ కబాసో అని పేరు పెట్టుకున్నాడు. ఆయన్ని అడగలేదు. ఆయన దానికీ ఏమీ అనలేదు.

ఇక గిటారు. ప్రతి ఆదివారం దాన్ని కిందకి దించి, చెక్కకి నూనె రాసి, తుప్పు పట్టిన తీగ తీసి కొత్తది కట్టేవాడు. మోటారు తీగ చుట్టే చెయ్యి కదా, ముడి చూడముచ్చటగా పడేది. శ్రుతి మాత్రం ఎప్పుడూ కుదిరేది కాదు. ఒకసారి టింగుమనిపించి, బాగుందనుకుని గోడకి పెట్టేసేవాడు. తాగినవాళ్ళు షెడ్డు ముందు ఆగి, "బా కబాసో, ఒక పాట వెయ్యండి" అని, గారు అన్నట్టు ముందు "బా" తగిలించి మరీ ఎగతాళి చేసేవారు. "గొంతు బాలేదు, రేపు రండి," అనేవాడు. పదకొండేళ్ళుగా ఆయన గొంతు బాలేదు.

మొన్న సెప్టెంబరులో లుసాకా నించి ఉత్తరం వచ్చింది. ఏటా జరిగే రాగి డోలు పురస్కారాలు టీవీలో మేమూ చూస్తాం. ఎవరికి వస్తుందో పందాలు కాస్తాం, రానివాళ్ళ తరఫున తిట్టుకుంటాం. ఈసారి పాతతరం గిటారు విద్వాంసుడిగా కబాసోకి ప్రత్యేక డోలు ఇస్తారట. ఉత్తరంతోపాటు ఒక ఫారం.

దాన్ని నింపింది నేను. నీళ్ళ శాఖ ప్రయోగశాలలో పని నాది. రోజూ నింపేవి అట్లాంటి గడులే. క్రిములు ఉన్నాయి, లేవు. క్లోరిన్ సరిపోయింది, సరిపోలేదు. ఆ రోజు మా పిల్లాడు లోంబేకి జ్వరం, నూటరెండు. వాడికి పద్నాలుగు నెలలు. ఒళ్ళో వాణ్ణి ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో రాశాను. "కళాకారుడు: జీవించి ఉన్నారు / మరణించారు." మరణించారు దగ్గర టిక్కు పెట్టాను. "స్వీకరించేవారు: భార్య / కుమారుడు / కుమార్తె." మా అమ్మ బస్సెక్కలేదు, నాకు చంటిపిల్లాడు. కుమారుడు దగ్గర టిక్కు పెట్టి, చేవె పేరు రాశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అబద్ధం ఒక్కటీ రాయలేదు. ఇంకోసారి ఆ ఫారం తీసి చూసుకోవాలని కూడా అనిపించలేదు. థర్మామీటరు మాత్రం నాలుగుసార్లు చూసుకున్నాను.

తరవాత షెడ్డుకి వెళ్ళి ఆయనకి చెప్పాను. "నాన్నా, డోలు ఇస్తున్నారు. లుసాకాలో పేరు పిలుస్తారు."

"కబాసో అనేనా?"

"ఇంకేమంటారు?"

ఆయన చేతిలో తీగ కింద పెట్టాడు. "గిటారు తెమ్మంటారేమో. వాయించమంటే?"

"తీసుకోవడమే నాన్నా, వాయించక్కర్లేదు."

రెండు నెలలు ఆయన నాలుగు వాక్యాలు బట్టీపట్టాడు. షెడ్డు ముందు నించి వెళ్తుంటే వినపడేది. "ఈ డోలు నా చేతికి ఇచ్చారు. ఈ చేతులు వాయించినవి కావు, కాపాడినవి. నా భార్యా పిల్లల తరఫున చెబుతున్నాను. బాగా చేశారు." నాలుగో వాక్యం దగ్గర ఎప్పుడూ తడబడేవాడు. ఎదురుగా బల్ల మీద వరసగా విప్పి పెట్టిన మోటార్లకి చెప్పేవాడు. కోటు మా ఆయనది వేసుకున్నాడు. భుజాలు కాస్త బిగుతు.

బయల్దేరే ముందురోజు లోంబేకి మళ్ళీ జ్వరం వచ్చింది. మా ఆయన షిఫ్టు మార్చుకుని పిల్లాణ్ణి చూసుకుంటానన్నాడు. నేనూ నాన్నా బస్సులో లుసాకా వెళ్ళాం. దారిపొడుగునా ఇంటికి ఫోను చేస్తూనే ఉన్నాను. నాన్న విసుక్కోకుండా, "మళ్ళీ చెయ్యి, పర్లేదు," అన్నాడు.

హాలు గుమ్మం దగ్గర చెవిలో మైకు పెట్టుకున్న అమ్మాయి జాబితా చూసి, "కబాసో కుటుంబమా? కొడుకుగారు ముందు వరసలో ఉన్నారు. మీరు?" అంది.

"కబాసో," అన్నాడు నాన్న.

"అవునండీ, కబాసో కుటుంబం. మీరేమవుతారు?"

"నేను కబాసోని."

ఆ అమ్మాయి నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, పని తొందరలో ఉన్నవాళ్ళ నవ్వు. "సరే అంకుల్, మీకు ముప్ఫై ఒకటో వరస." మాకు దారి చూపించి వెళ్ళిపోయింది. అప్పుడే నాకు ఫారం గుర్తొచ్చింది. చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. పిలిచేప్పుడు ఎట్లాగో సర్దుకుంటుందిలే అనుకున్నాను.

గంటన్నర డోళ్ళు ఇస్తూనే ఉన్నారు. కొత్త గాయని వచ్చి దేవుడికీ జడలల్లిన అమ్మాయికీ కృతజ్ఞతలు చెప్పింది. భక్తిపాటల విజేత వేదిక మీదే మోకరిల్లి, లేవమన్నా లేవలేదు. ఆ ఏటి పాట అనిపించుకున్న కుర్రాడు డోలు తలమీద పెట్టుకుని గెంతాడు. నాన్నకి అందరూ నచ్చారు. అందరికీ చప్పట్లు కొట్టాడు.

అప్పుడు దీపాలు తగ్గించారు. తెర మీద కన్నతండ్రి పాత ఫొటో వేశారు. "కీర్తిశేషులు కబాసో," అన్నాడు వ్యాఖ్యాత.

"కబాసో" అన్న మాట వినగానే నాన్న కోటు గుండీ పెట్టుకుని సగం లేచాడు. ముందున్న మాట ఆ తరవాత ఆయనకి ఎక్కింది. మళ్ళీ కూర్చున్నాడు. "వారి ఆత్మశాంతికి ఒక నిమిషం మౌనం," అన్నాడు వ్యాఖ్యాత. రెండు వేలమంది లేచారు. నేనూ లేచాను, అసెంబ్లీలో బడిపిల్ల లేచినట్టు. కాళ్ళు లేచాక బుద్ధి వచ్చింది. ఆ నిమిషం ఎంతసేపు ఉందో నేను చెప్పలేను. నా పక్కన నాన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తన చావు తనే చూస్తూ కూర్చున్నాడు.

తరవాత చేవె వేదిక ఎక్కాడు. మెరిసే కోటు, నల్లకళ్ళద్దాలు. డోలు అందుకుని పైకెత్తాడు. "మా నాన్న వెళ్ళిపోయాడు. ఇంకెవరూ లేరు. ఇక నించి కబాసో అంటే నేనే," అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. పదిహేనేళ్ళ వయసులో ఎవరి ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడో ఆ మనిషి ముప్ఫై ఒకటో వరసలో ఉన్నాడని వాడికి తెలుసు. నేనే ఫోనులో చెప్పాను.

నాన్న తిరుగు బస్సులో ఒక్కటే మాట అడిగాడు. "పిల్లాడికి ఇప్పుడు జ్వరం ఎంతుంది?"

తొంభై తొమ్మిది అని చెప్పి, అప్పుడే ఫారం సంగతి కూడా చెప్పేశాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. కపిరి ఎంపోషి దాటేదాకా మెడ ఇటు తిప్పలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగో రోజు ఆదివారం చేవె వచ్చాడు. ఒక్కడూ రాలేదు, వీడియో తీసే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. డోలు చూసి తల్లి కన్నీళ్ళు పెట్టుకుంటుంటే తీసి తన పేజీలో పెట్టుకోవాలని. అమ్మ వరండాలో పీట మీద కూర్చుని ఉంది. నాన్న తన కుర్చీలో ఉన్నాడు. నేను లోంబేకి గంజి తాగిస్తున్నాను.

"అమ్మా, ఇటు చూడు, ఇదిగో నాన్న డోలు," అన్నాడు చేవె.

అమ్మ డోలు వంక చూడలేదు. "ఎవరిదన్నావు?"

"నాన్నది."

"మరి నాకెందుకు చూపిస్తావు? ఆయన అక్కడ కూర్చున్నాడు. మోకాలు వంచి ఇవ్వు."

చేవె కెమెరా వైపు చూసి నవ్వాడు. "అమ్మా, ఇవన్నీ తరవాత. ముందు దీన్ని పట్టుకో."

"నాన్నకి ఇవ్వరా," అన్నాను.

"ఏ నాన్నకి అక్కా? నువ్వు చదువుకున్నదానివేనా? సాంపా బావ మోటార్లు బాగుచేస్తాడు. మంచివాడే, కాదనను. ఆయనకి స కీ ప కీ తేడా తెలీదు. నాన్న గిటారు పక్కన నిలబడితే నాన్న అయిపోతాడా? ఫారంలో 'మరణించారు' అని రాసింది ఎవరు? నేనా?"

పదకొండేళ్ళలో ఆ ఇంట్లో సాంపా అన్న మాట వినపడటం అదే మొదటిసారి. అందులోనూ బావ అని. లోంబే కూడా గంజి మింగడం ఆపి చూశాడు. వాడు చెప్పిన ఆఖరి మాట నిజం. అందుకే ఇంకా ఒళ్ళు మండిపోయింది.

నాన్న లేచాడు. లోపలికి వెళ్ళి గిటారు తెచ్చాడు. అమ్మ ఒళ్ళో పెట్టాడు. ముంజేతికున్న తెల్లపూసల తాడు విప్పి దాని మీద పెట్టాడు.

"అత్తా, తీసుకో. కాగితం మీద పోయాను, వేదిక మీద పోయాను, ఇప్పుడు ఇంట్లోనూ పోయాను. పోయినవాడు ఇల్లు ఎట్లా నడుపుతాడు? పెద్దల్ని పిలిచి ఇంకెవర్నైనా చూసుకోండి."

"ఏమండీ," అంది అమ్మ.

"సాంపా అను అత్తా," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వీడియో మనిషి ఇంకా తీస్తూనే ఉన్నాడు. నేను లేచి గంజి గిన్నె వాడి కెమెరా మీదకి విసిరాను. అది తగల్లేదు, గోడకి తగిలింది. ఈ రోజుకీ నాకు దాని గురించి పశ్చాత్తాపం లేదు, గురి కుదరలేదన్నదే బాధ. చేవె నన్ను పిచ్చిదాన్నన్నాడు, మీరంతా అడవి మనుషులన్నాడు. సాయంత్రం కిట్వేలో వాడికి కచేరీ ఉంది. "ఉంచుకోండి ఆ డోలు, నాకు ఫొటో ఉంది చాలు," అని కారెక్కాడు.

మర్నాడు పురస్కారాల కమిటీకి ఫోను చేశాను. ఫారంలో తప్పు రాశానని, కబాసో జీవించే ఉన్నాడని చెప్పాను.

"అదేంటి మేడమ్, మీ తమ్ముడుగారు వేదిక మీద నాన్న వెళ్ళిపోయాడన్నారు కదా?" అన్నాడు అవతలి మనిషి.

వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. ఆయనా మావాడే, పేరునిబట్టి తెలుస్తూనే ఉంది. ఆయన ఇంట్లోనూ ఎవరో ఒకరు ఎవరో ఒకరి పేరు మోస్తూ ఉంటారు. అంతా విని, "నాకర్థమైందమ్మా. కానీ మా నిబంధనల్లో అట్లా లేదు. మీ ఫారం చూసి పోయినవాళ్ళ విభాగంలో ఇచ్చాం. ఆయన ఉన్నాడని మీరు రాతపూర్వకంగా ఇస్తే డోలు వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. విజేతల జాబితాలోంచి పేరు తీసేస్తాం. ఎందుకమ్మా, ఒక చిన్న టిక్కు కోసం? వదిలెయ్యండి," అన్నాడు.

"మీ ఇంట్లో పేరు తీసుకున్న మామయ్య దగ్గరికి వెళ్ళి ఆయన్ని కీర్తిశేషులు అని పిలవండి. చిన్న మాటే కదా," అన్నాను.

"సరే, రాసి పంపండి," అన్నాడు చివరికి.

రాశాను. "కళాకారుడు జీవించి ఉన్నారు. ముఫులిరాలో మోటార్లకు వైండింగ్ కడతారు. నేను ఆయన కుమార్తెను." డోలుని లోంబే డైపర్ల అట్టపెట్టెలో పెట్టి, వాడి పాత దుప్పటి చుట్టి, లుసాకా బస్సులో వేశాను. అది నిజంగా అందంగా ఉంది. మా గనిలోంచి వచ్చిన రాగే అయ్యుంటుంది. పెట్టె మూస్తుంటే అమ్మ ఒకసారి దాని అంచు వేలితో తడిమి, "పంపించెయ్," అంది.

పది రోజులకి జవాబు వచ్చింది. పురస్కారం రద్దయింది, పేరు తొలగించాం అని. చేవె ఫోను చేసి, నేను వాడి బతుకు మీద మట్టి పోశానన్నాడు. వాడి పోస్టర్ల మీద ఇప్పటికీ "రాగి డోలు విజేత" అనే ఉంటుంది. నేను చింపలేదు. చింపాలని చాలాసార్లు అనుకున్నాను.

ఆ ఉత్తరం తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. ఆయన నీటి పంపు మోటారుకి తీగ చుడుతున్నాడు, చుట్లు పైకి లెక్కపెడుతూ. నలభై రెండు, నలభై మూడు. నేను ఉత్తరం చదివాను. అరవైదాకా ఆగి, "నువ్వు రాసినదాంట్లో ఏముంది?" అన్నాడు. నా ప్రతి చదివాను. మూడు వాక్యాలే.

"సంతకం?"

"కాసుబా, కబాసో కూతురు."

ఆయన మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు. ఎక్కడ ఆపాడో మర్చిపోయి, చుట్టినదంతా విప్పి, ఒకటి నించి చుట్టాడు. నేను వచ్చేశాను.

వానలు పట్టుకున్నాయి. అమ్మ రోజూ మధ్యాహ్నం మొక్కజొన్న పిండితో న్షిమా ముద్ద వండి, ఆయన పళ్ళెం మూతపెట్టి ఉంచేది. ఆయన షెడ్డులోనే రొట్టె తినేవాడు. మా మేనత్త కబురు పంపింది, పెద్దల్ని పిలవమంటావా అని. "నా మొగుడు అలిగాడు, చావలేదు. ఆగమను," అని అమ్మ తిరుగు కబురు పంపింది.

ఒక ఆదివారం నేను లోంబేని తీసుకుని వెళ్ళేసరికి, గిటారు వరండాలో గోడకి ఆనించి ఉంది. సరిగ్గా రేకు కారే చోట. చుక్క పడుతోంది, చెక్క మీద నించి జారుతోంది. తీగలు ఎర్రగా తుప్పెక్కాయి. నేను తీయబోతే అమ్మ, "దాన్ని ముట్టుకోకు," అంది. వరండా అంతా పొడిగా ఉంది. ఆ ఒక్క చోటే కారుతుందని అమ్మకి ఇరవయ్యేళ్ళుగా తెలుసు. షెడ్డులోంచి చూస్తే ఆ మూల సూటిగా కనిపిస్తుందని కూడా తెలుసు. ఆవిడ లోపలికి వెళ్ళి కూర కలుపుకుంటూ కూర్చుంది.

ఎంతోసేపు పట్టలేదు. ఆయన వానలో గొడుగు కూడా లేకుండా వీధి దాటి వచ్చాడు. చేతులనిండా గ్రీజు. మెట్లెక్కుతూనే గిటారు లాక్కుని చొక్కా అంచుతో తుడిచాడు. వంటింటి వైపు తిరిగి అంత గట్టిగా ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు.

"ఏమే, దీన్ని ఇక్కడ ఎవరు పెట్టారు? తడి తగిలితే చెక్క ఉబ్బుతుందని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"చెప్పేవాడు ఇంట్లో ఉంటే కదండీ," అంది అమ్మ లోపల్నించి. "చేతులు కడుక్కోండి. చల్లారిపోతోంది."

"వస్తున్నా. ముందు ఈ తీగ చూడనీ."

ఆయన గుమ్మంలో కూర్చుని తుప్పు పట్టిన తీగ ఊడదీశాడు. జేబులోంచి కొత్త తీగ తీశాడు. అది ఆయన జేబులో ఎన్నాళ్ళనించి ఉందో నేను అడగలేదు. లోంబే దాని చివర పట్టుకోబోతే, గుచ్చుకుంటుందని నేను వాణ్ణి వెనక్కి లాగాను.

"కాసుబా, ఈసారి ఏ ఫారం వచ్చినా ముందు నా దగ్గరికి తీసుకురా," అన్నాడు, నా వంక చూడకుండా. ఆయనకి కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని నేనూ అడగలేదు.

"అట్లాగే నాన్నా."

అమ్మ తెల్లపూసల తాడు తెచ్చి, ఆయన గ్రీజు చేతికి అట్లాగే కట్టింది. ఆయన మునివేలితో తీగ టింగుమనిపించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. శ్రుతి ఎప్పటిలాగే తప్పింది. బాగుందనుకుని, గిటారు తీసుకెళ్ళి లోపల గోడకి పెట్టి, పళ్ళెం ముందు కూర్చున్నాడు.